దూది కరుచుకున్న గంట

సాయంత్రం నాలుగూ నలభైకి మా మూడు ట్రక్కులు తుళ్లూరు దాటి వాగు వైపు తిరిగాయి. వాన ఆగి గంటయింది. తారు రోడ్డు ఉన్నంత మేర బాగానే వెళ్ళాం. అది అయిపోయి నల్లరేగడి మొదలవగానే మొదటి ట్రక్కు ఇరుసు దాకా దిగబడింది. లాగడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆరు దాటాక ఒక హైస్కూలు ఆవరణలో దిగాం. మెరక మీద కట్టిన బడి. ఎనిమిదో తరగతి గది మా స్టోరు. రబ్బరు బోట్లు రెండు, ఇంజన్లు రెండు, తెడ్లు ఎనిమిది, లైఫ్ జాకెట్లు నలభై, తాళ్ళు నాలుగు చుట్టలు, వైర్‌లెస్ సెట్లు మూడు, చేతిమైకు ఒకటి.

ఆ చేతిమైకు నాకిచ్చారు. కంపెనీ మొత్తంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

ఊళ్ళో ఎవరు పలకరించినా అడిగేది మంచు గురించి, సరిహద్దు గురించి. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో అవీ చూశాను. మంచులో కాళ్ళు మొద్దుబారడం గురించి ఎంతసేపైనా చెబుతాను, నాకేం ఇబ్బంది లేదు. ఇన్నాళ్ళూ చెప్పకుండా దాటేసింది ఈ పదకొండు రోజుల సంగతి. దర్శిలో బస్సెక్కితే నాలుగు గంటల్లో చేరే చోట, నా భాష మాట్లాడే మనుషుల మధ్య చేసిన డ్యూటీ ఇది. అప్పుడు నేను హవల్దారుని. మాది ఇంజనీర్ల రెజిమెంటు. వరదలో చిక్కినవాళ్ళని బయటికి తేవడం మాకిచ్చిన పని.

నీళ్ళ సంగతి ఆ రాత్రే మా దళానికి పెద్ద, కాలమ్ కమాండర్ మేజర్ సాబ్ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. కృష్ణ నిండుగా పారుతోంది. నది నిండుగా ఉంటే వాగు అందులో కలవలేదు. వెనక్కి తన్ని చేల మీద పడుతుంది. వాగుకి అవతల పల్లంలో మూడు పాలేలున్నాయి. పత్తి కాయ దశలో ఉంది, మొక్కల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. మిరప అప్పుడప్పుడే నాటుతున్నారు. సగం మంది దగ్గర నారు ఇంకా ట్రేలలోనే ఉంది.

చివర్లో మేజర్ సాబ్ నా వైపు తిరిగి, డ్యూటీ ముగిసేదాకా ప్రతి ట్రిప్పుకీ వర్తించే ఒక స్టాండింగ్ ఆర్డరు ఇచ్చాడు. హిందీలో ఇచ్చాడు, నేను తెలుగులో నోట్‌బుక్కులో రాసుకున్నాను.

"ఎవరికీ రెండో ట్రిప్పు మాట ఇవ్వకు. మిగిలినవాళ్ళతో ఒక్కటే చెప్పు. ఎత్తైన డాబా ఎక్కండి. మేం వచ్చి పిలిచేదాకా కిందికి దిగొద్దు. వస్తే వస్తాం."

ఇప్పుడు నా పన్ను గురించి చెప్పాలి.

కింది వరసలో ఎడమ పక్క చివరి దవడ పన్ను. నాలుగు నెలలుగా పుచ్చిపోయి ఉంది. యూనిట్‌లో పన్ను డాక్టరు రెండుసార్లు తీయించుకోమన్నాడు. రెండుసార్లూ సరే సాబ్ అని బయటికొచ్చాను. దర్శి వైపు పొగాకు పండించే ఇంట్లో పుట్టినవాడికి పన్ను నొప్పెడితే డాక్టరు గుర్తురాడు. పొగాకు కాడ గుర్తొస్తుంది. చిన్న తుంట విరిచి, పుచ్చులో దోపి, దవడ బిగించి పడుకుంటే తెల్లారేసరికి తిమ్మిరెక్కి హాయిగా ఉంటుంది. మా నాయన అలాగే చేశాడు, మా మేనమామలూ అలాగే చేశారు. నలభై దాటేసరికి వాళ్ళెవరికీ దవడ పళ్ళు లేవన్న సంగతి మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. నా కిట్‌లో ఒక రేకు డబ్బీ ఉండేది. దాని నిండా కాడలే.

రెండో రోజు ఉదయం ఆరుకి మొదటి బోటు దింపాం. బోటుకి మేం ముగ్గురం. ఇంజను దగ్గర బోట్ ఆపరేటర్, ముందు నేను, మధ్యలో మందుల సంచీతో నర్సింగ్ అసిస్టెంట్. మేం కాక ఎనిమిది మంది పడతారు, అంతకు మించి ఒక్కరు కూడా వద్దు. చేల మీదుగా వెళ్తుంటే ఇంజను ఫ్యానుకి పత్తి కొమ్మలు తగిలి టకటకలాడేవి. పాలెం కనిపించగానే నేను మైకు తీసుకునేవాణ్ణి.

అరవడం తేలిక. కదిలించడమే కష్టం. ఒకాయన గేదెల్ని వదలనంటాడు. ఒకామె బీరువా తాళం దొరకలేదంటుంది. ఇంకొకాయన కుర్చీలో కూర్చుని, "మీరేం కంగారు పడమాకండి, పోయినసారి కూడా ఇట్టాగే వచ్చి పోయింది" అని నన్నే ఓదార్చాడు. బతిమాలాను, తిట్టాను, చేతులు పట్టుకుని లాగాను. ప్రతి ట్రిప్పు చివరా ఆ ఆర్డరు చెప్పాను. డాబా ఎక్కండి, దిగొద్దు, వస్తే వస్తాం. ఆ రోజు పదకొండు ట్రిప్పులు, తర్వాతి రోజు తొమ్మిది.

అరిచిన ప్రతిసారీ పన్ను జివ్వుమనేది. నర్సింగ్ అసిస్టెంట్ మాత్రలిచ్చాడు. అదే బడిలో పెట్టిన సహాయ శిబిరంలో ఉన్న ఆడవాళ్ళు ఊరుకోలేదు. లవంగం ఒకామె ఇచ్చింది, ఉప్పు నీళ్ళు ఒకామె తెచ్చింది, జామాకు నమలమని ఇంకొకామె. ఇల్లూ వాకిలీ నీళ్ళలో వదిలి వచ్చిన మనుషులు నా దవడ గురించి చర్చ పెట్టుకున్నారు. నాకు సిగ్గేసింది, కొంచెం సంతోషంగానూ అనిపించింది.

మూడో రోజే కోటేశ్వరమ్మ పిన్నిని, సుబ్బారాయుడు బాబాయిని చూశాను. వాగుకి బాగా అవతల ఉన్న చివరి పాలెం వాళ్ళది. కౌలు సేద్యం. యాభై అయిదు దాటి ఉంటాయి ఇద్దరికీ, పిన్నీ బాబాయీ అన్నది నేను కలుపుకున్న వరసే. వాళ్ళ వసారా నిండా మిరప నారు ట్రేలు. నలభై రోజుల నారు, ఆ వారమే నాటాల్సింది.

"ఏ ఊరు అబ్బాయ్ మనది?" అన్నాడాయన.

"దర్శి పక్కన, బాబాయ్."

"ఓరి! మా పెద్దమ్మాయినిచ్చింది దర్శేగా. మనోడేనే!" అని లోపలికి కేకేశాడు.

మనోడైతే ఏం, బోటెక్కలేదు. నారు ఒక్క పూట మునిగితే కుళ్ళిపోతుందని, వసారాలోకి నీళ్ళొస్తే డాబా మీదికి ఎక్కించుకోవాలని చెప్పాడు. ఆయన్ని వదిలి ఆమె రానంది. అప్పటికి ఆ పాలెంలో నీళ్ళు మోకాలి లోతే. రేపు మళ్ళీ అడుగుతానని వచ్చేశాను.

నాలుగో రోజు లేచేసరికి ఎడమ బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. నోరు రెండు వేళ్ళ కన్నా తెరుచుకోవడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. మైకులో "అమ్మా" అంటే "అవ్వా" అని వస్తోంది. మధ్యాహ్నం దాకా లాగాను. ఒంటిగంటకి మేజర్ సాబ్ నా మొహం చూశాడు.

"నీకు వైద్యం చేయించకపోతే రేపు నిన్నే బోట్లో మోయాలి. వెళ్ళు. ఇది ఆర్డరు."

శిబిరంలో సేవ చేయడానికి తాడేపల్లి నుంచి ఒక పన్ను డాక్టరమ్మ వచ్చి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. తరగతి గదిలో రెండు బల్లలు జతచేసి పడుకోబెట్టింది. జనరేటరు ఆగి ఆగి నడుస్తోంది. నర్సింగ్ అసిస్టెంట్ ఫోను టార్చి పట్టుకుని నిలబడ్డాడు. రెండూ పదికి మత్తు సూది. పుచ్చులోంచి పొగాకు తుంట బయటికి తీసి, పట్టకారుతో పైకెత్తి చూసింది.

"ఇదేంటండీ?"

"కాడ మేడమ్. మా ఇళ్ళలో..."

"మీ ఇళ్ళలో సంగతి తెలుసులెండి. మాదీ ప్రకాశం జిల్లానే. నొప్పి తెలీకుండా చేసుకుని లోపల దవడంతా పాడు చేసుకున్నారు. ఆ డబ్బీ ఉంటే ఇటివ్వండి."

డబ్బీ ఇచ్చేశాను. పన్ను పై భాగం మొదటి పట్టుకే విరిగిపోయింది. వేళ్ళు రెండు లోపలే ఉన్నాయి. వాటిని వదులు చేసి ఒక్కొక్కటే లాగడానికి నలభై నిమిషాలు పట్టింది. మత్తు పూర్తిగా ఎక్కలేదు. ఆమె మోకాలు బల్లకి ఆనించి లాగుతుంటే తల మొత్తం ఆమె చేతిలోకి వెళ్ళిపోతున్నట్టు ఉంది. నేను అరవలేదు. మూడు రోజులుగా ఊళ్ళ మీద పడి అరిచినవాణ్ణి, అక్కడ బల్ల అంచు పట్టుకుని గుడ్లప్పగించి పడుకున్నాను.

రెండూ యాభై అయిదుకి అయిపోయింది. గుంటలో దూది మడత పెట్టి, "గట్టిగా కరిచి పట్టుకోండి" అంది. "గంటసేపు తీయొద్దు. మాట్లాడొద్దు. ఉమ్మొద్దు. రేపటి దాకా పుక్కిలించొద్దు. గుంటలో రక్తం గడ్డకట్టాలి. ఆ గడ్డే మీకు మందు. అది ఊడిందంటే ఇప్పుడు పడ్డ నొప్పి ఏమూలకీ చాలదు. కారం వారం రోజులు మానేయండి."

తల ఊపాను. ఆ రోజు నేను మొదట తల ఊపింది ఆమెకే.

మూడూ ఇరవైకి రేడియో ఆపరేటర్ పరిగెత్తుకొచ్చాడు. పైన వాగు కట్ట తెగింది. చివరి పాలెంలో నీళ్ళు గంటకి అడుగు చొప్పున పెరుగుతున్నాయి. ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. రెండో బోటు ఎగువ పాలెంలో ఉంది. మా బోటే వెళ్ళాలి.

"నువ్వు మాట్లాడక్కర్లేదు" అన్నాడు మేజర్ సాబ్. "మనిషి కనిపిస్తే చాలు. నిన్ను ఎరుగుదురు."

మూడున్నరకి బయలుదేరాం. మూడూ నలభై అయిదుకి చేరాం. డాబాలు తప్పిస్తే పాలెంలో అన్నిటికన్నా ఎత్తులో ఉన్నది పాలకేంద్రం అరుగు. దాని అంచుని నీళ్ళు తాకుతున్నాయి. తొమ్మిది మందీ అక్కడే నిలబడి ఉన్నారు. బతిమాలే పని లేకుండా పోయింది. నా వాచిన మొహం చూసి ఒకామె "అయ్యో" అంది. వరసగా ఎక్కారు. ఎనిమిదో మనిషి కోటేశ్వరమ్మ పిన్ని. అరుగు మీద సుబ్బారాయుడు బాబాయి ఒక్కడే మిగిలాడు. పంచె పైకి కట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని.

బోట్ ఆపరేటర్ ఎనిమిది వేళ్ళు చూపించి తల అడ్డంగా ఊపాడు. బాబాయికి అర్థమైంది.

"మీరు పదండి. నేనింకా సగం ట్రేలు డాబా ఎక్కించాలి. ఎట్టాగూ పనుంది."

పిన్ని బోట్లోంచి దిగబోయింది. "నేనూ ఉంటా. ఈయనొక్కణ్ణీ వదిలి నేను రాను."

"కూర్చోవే. వాళ్ళు మళ్ళీ వస్తారు." ఆయన నా వైపు చూశాడు. "మళ్ళీ వస్తారుగా అబ్బాయ్?"

ఆమె కూడా నన్నే చూసింది. ఒక కాలు బోటు అంచు మీద ఉంది.

ఇక్కడ నేను సరిగ్గా చెప్పాలి. మన వైపు ఎవరైనా వస్తావా అని అడిగితే రాను అని మొహం మీద అనం. చూద్దాం లెండి అంటాం. వీలు చూసుకుని వస్తాలెండి అంటాం. ఆ మాటలో సగం కాదు అనేది ఉంటుంది, ఎదుటివాళ్ళకీ తెలుస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. మూడు రోజులు ఆ ఆర్డరుని నేను అలాంటి మాటల్లో పెట్టే చెప్పాను. వస్తే వస్తాం బాబాయ్, మీరు మాత్రం డాబా దిగొద్దు. నోట్లో దూది ఉంటే చూద్దాం లెండి అనడం కుదరదు. తలకి తెలిసినవి రెండే. నిలువుగా, అడ్డంగా. ఆ మొహాల ముందు అడ్డంగా ఊపలేకపోయాను.

నిలువుగా ఊపాను. గట్టిగా, రెండుసార్లు.

జేబులో నోట్‌బుక్కు ఉంది, పెన్నుంది. మూడు మాటలు రాసి ఆయన చేతికివ్వొచ్చు. దూది తీసి ఆ మూడు మాటలూ అనొచ్చు, ఇంకా అయిదు నిమిషాలే ఉంది గంటకి. చెయ్యి పైకెత్తి డాబా చూపించొచ్చు. ఏదీ చేయలేదు. నొప్పి ఒక కారణం, కానీ అదే కాదు. మూడు రోజులు అరిచి అరిచి ఉన్నవాడికి ఆ గంట మౌనం సుఖంగా ఉంది. నన్నెవరూ మాట్లాడమనని ఒక్క గంట దొరికింది. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

పిన్ని కాలు లోపలికి తీసుకుని కూర్చుంది. మూడూ యాభై ఏడుకి బోటు కదిలింది.

నాలుగూ ఇరవైకి వాళ్ళని గట్టున దింపాం. నాలుగూ ముప్పై అయిదుకి బాబాయి కోసం మళ్ళీ బయలుదేరాం. దూది తీసి పారేశాను, నెత్తురు దాదాపు ఆగింది. వాగు మధ్యకి వెళ్ళేసరికి ఇంజను ఒక్కసారిగా గురగురమని ఆగిపోయింది. చేలల్లోంచి కొట్టుకొచ్చిన డ్రిప్ పైపులు. వందల మూరల నల్ల పైపు ఫ్యానుకి చుట్టుకుపోయింది. బోట్ ఆపరేటర్ నీళ్ళలోకి చేతులు పెట్టి కోస్తున్నాడు, ఇంకా చుట్టుకుంటోంది. ప్రవాహం మమ్మల్ని కిందికి లాక్కుపోతోంది. తెడ్లు వేశాం. ఒక తుమ్మచెట్టుకి తాడు వేసి ఆగాం. అక్కడి నుంచి తాడు మార్చుకుంటూ గట్టుకి చేరేసరికి అయిదూ నలభై. ఫ్యాను పిన్ను విరిగిపోయింది. రెండో బోటు ఎగువ నుంచి రావడానికి ఇంకో గంటన్నర పడుతుంది.

ఆరింటికి వైర్‌లెస్ సెట్ మోగింది. అవతల మేజర్ సాబ్; బ్రావో వన్ అంటే మా బోటు.

"బ్రావో వన్, చీకటి పడుతోంది. బోట్లు ఆపండి. మళ్ళీ చెబుతున్నాను, బోట్లు ఆపండి."

"సాబ్, అవతల ఒక మనిషి ఉన్నాడు" అన్నాడు రేడియో ఆపరేటర్.

"డాబా మీద ఉండమని చెప్పారుగా?"

రేడియో ఆపరేటర్ నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. ఈసారి నోట్లో దూది కూడా లేదు.

పిన్ని గట్టు మీదే ఉంది. శిబిరానికి వెళ్ళలేదు. విషయం ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఏం అబ్బాయ్, పోవట్లేదా?"

"పొద్దున్నే వెళ్తాం పిన్నీ. ఆయన డాబా మీద ఉంటారులే."

"ఉండడు" అంది. "నువ్వు వస్తానని తల ఊపావు. ఆయన ట్రేలు పైన పెట్టేసి, ఆ అరుగు మీదికొచ్చి నిలబడతాడు. మీ బోటొచ్చి చూసి లేడని వెళ్ళిపోతుందేమోనని అక్కణ్ణుంచి కదలడు. ఆయన సంగతి నాకు తెలీదా?"

మైకు తీసుకుని నీళ్ళ అంచు దాకా పరిగెత్తాను. పాలెం కిలోమీటరున్నర దూరం. గాలి అవతలి నుంచి ఇవతలికి వీస్తోంది. "బాబాయ్! డాబా ఎక్కు! మేం రావట్లేదు! డాబా ఎక్కు!" ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు. వెలుగు పోయేదాకా అరిచాను. నోట్లో ఏదో జారినట్టయింది, తర్వాత ఉప్పగా తగిలింది. ఉమ్మి మళ్ళీ అరిచాను. నర్సింగ్ అసిస్టెంట్ వచ్చి మైకు లాక్కున్నాడు. చొక్కా ముందంతా నెత్తురు.

"హవల్దార్ సాబ్, చాలు. వినపడదు."

ఆ రాత్రి గురించి చెప్పడానికేం లేదు. మత్తు దిగిపోయింది. రెండో బోటు వచ్చింది. నేనూ బోట్ ఆపరేటరూ కూర్చుని విరిగిన పిన్ను మార్చాం. పిన్ని గట్టు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది.

మర్నాడు అయిదూ ముప్పై అయిదుకి కదిలాం. అయిదూ యాభై రెండుకి ఆయన్ని బోట్లోకి లాగాం. పాలకేంద్రం అరుగు మీదే ఉన్నాడు. జోరు తగ్గినా, రాత్రికి రాత్రి నీళ్ళు నాలుగడుగులు పెరిగాయి. కిటికీ ఊచలకి తువ్వాలుతో నడుము కట్టేసుకున్నాడు. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. పైన రేకుల కప్పు, ఎక్కడానికి లేదు. వాళ్ళ డాబాకీ అరుగుకీ మధ్య అప్పటికే ప్రవాహం దారి చేసుకుంది. సాయంత్రం అయిదింటికి డాబా దిగి వచ్చాడట. నీళ్ళు పెరిగాక వెనక్కి వెళ్ళలేకపోయాడు.

బోట్లో పడుకోబెట్టి దుప్పటి చుట్టాం. చేతి వేళ్ళు ఊచలు పట్టుకున్న ఆకారంలోనే బిగుసుకుపోయాయి. నర్సింగ్ అసిస్టెంట్ ఒక్కో వేలూ తెరిచాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నన్ను గుర్తుపట్టి ఏదో అన్నాడు. దగ్గరికి వంగాను.

"పన్ను నెమ్మదించిందా అబ్బాయ్?"

దుప్పటి ఆయన మెడ దాకా లాగాను.

"నిన్న మూతి అంతలా వాచిపోయింది గదా. బోటు కుదుపులకి ఎక్కువైందేమో, అందుకే రాలేకపోయాడు అనుకున్నా. వేరే వాళ్ళనన్నా పంపుతాడులే అని నిలబడ్డా."

ఏడ్చాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో డ్యూటీ మీద ఉండగా ఏడ్చింది అదొక్కసారే. బోట్ ఆపరేటర్ నొప్పికనుకుని, "ఇంకో పది నిమిషాలు సాబ్, చేరిపోతాం" అన్నాడు.

ఆయన బతికాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, రొమ్ము పట్టేసింది, తర్వాత లేచి తిరిగాడు. డాబా మీద నారు కూడా బతికింది.

మేజర్ సాబ్‌కి అదే ఉదయం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విన్నాడు.

"జేబులో నోట్‌బుక్కు ఉందా?"

"ఉంది సాబ్."

"పెన్ను?"

"ఉంది సాబ్."

ఇంకేమీ అడగలేదు. నా మీద చార్జి రాయలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఆరో రోజు డాక్టరమ్మ నోరు తెరిపించి చూసింది. గడ్డ ఊడిపోయి లోపల ఎముక తెల్లగా కనిపిస్తోందట. "పుక్కిలించారా?" అంది. లేదన్నాను. "మరి?" అంటే, "అరిచాను" అన్నాను. ఆమె అప్పటికే విని ఉంది, అందుకే మందలించలేదు. లవంగ నూనె మందులో తడిపిన దూది గుంటలో పెట్టింది. ఆ నొప్పి దవడలో మొదలై చెవిలోంచి నడినెత్తి దాకా పోయేది. పొగాకు కాడకి కూడా లొంగని నొప్పి. శిబిరంలో రోజూ పులిహోర, పచ్చిమిరపకాయలు కనిపిస్తూ ఉండేవి. నేను పెరుగన్నం నీళ్ళగా కలుపుకుని కుడి పక్కన మింగేవాణ్ణి. అయినా బోటెక్కాను, మైకు పట్టుకున్నాను. ఆర్డరు ముందుగానే చెప్పేవాణ్ణి, మనిషి అడగకముందే. రెండో ట్రిప్పు లేదు. డాబా దిగొద్దు. కొందరు నొచ్చుకున్నారు.

తొమ్మిదో రోజు బాబాయి ఆసుపత్రి నుంచి శిబిరానికి వచ్చాడు. పక్కన కూర్చుని చెప్పాను. "బాబాయ్, ఆ రోజు నేను తల ఊపకుండా ఉండాల్సింది."

"ఊపకపోతే మీ పిన్ని బోటెక్కేదా? ఇద్దరం మునిగేవాళ్ళం" అన్నాడు.

నిజమేనేమో. చాలాసార్లు ఆ మాటతో సర్దుకుందామని చూశాను, కుదరలేదు. తల ఊపినప్పుడు నేను ఆమెని బోటెక్కించాలని ఊపలేదు. కాదని చెప్పడం చేతకాక ఊపాను.

పిన్ని మాత్రం నన్ను ఓదార్చలేదు. మా ట్రక్కులు సర్దుకుంటున్న రోజున ఎదురుపడింది. "ఆయన్ని తెచ్చారు, మీ అందరికీ దణ్ణం పెడతా" అంది. "కానీ నువ్వెదురుపడితే నాకు ఆ గట్టు గుర్తొస్తంది అబ్బాయ్. ఏమనుకోమాక." ఏమీ అనుకోలేదు. నా మీద ఆ మాత్రం కోపం ఎవరో ఒకరికి ఉండడం న్యాయమనిపించింది.

పదకొండో రోజు ఉదయం ఎనిమిదికి డ్యూటీ ముగిసింది. మేజర్ సాబ్ నాకు అయిదు రోజుల సెలవిచ్చాడు. దర్శిలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఇంట్లో మా ఆవిడ పెసరపప్పు మెత్తగా ఉడికించి పెట్టింది. మూడో రోజుకి గుంటలో నొప్పి తగ్గింది. నెలకి చిగురు మూసుకుంది. ఇప్పుడు నాలుక పెడితే నున్నగా తగులుతుంది. రిటైరై ఊరికొచ్చాక ఎవరైనా ఫలానా పనికి సాయంత్రం వస్తావా అంటే, వస్తాను అంటాను, లేదా రాను అంటాను. చూద్దాం లెండి అనే మాట నా నోట్లోంచి పోయింది. మిలిటరీకి పోయి మొరటువాడై వచ్చాడని చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

పోనిది ఒకటుంది. ఆ తెల్లవారుజామున పాలెం మలుపు తిరిగాక, ఆయన మమ్మల్ని చూడకముందు నేను ఆయన్ని చూసిన నాలుగైదు సెకన్లు. ప్రవాహాన్ని తప్పించి ఇంకో పక్క నుంచి, పైపులు చుట్టుకోకుండా ఇంజను ఆపి తెడ్లతో వస్తున్నాం, చప్పుడు లేదు. చుట్టూ బురద నీళ్ళు, వాటి మీద భుజాలు, ఒక తల. కళ్ళు మూతలు పడుతున్నాయి, తెరుచుకుంటున్నాయి. మెడ మాత్రం పక్కకి తిరిగి ఉంది. ముందురోజు మా బోటు వెళ్ళిన వైపుకి.